పూర్ణమ్మను దుర్గ చేర్చుకుందా?

గురజాడ ‘పూర్ణమ్మ’లో పిల్లను అమ్మినవాడు పూజారి. ఈ సంగతి దగ్గర మనమెందుకో ఆగం. కన్నీళ్లు తుడుచుకుంటూ ముందుకెళ్లిపోతాం. వేళవేళకూ పూలు తెచ్చి దుర్గను కొలిచిన పిల్లను, డబ్బుకు ఆశపడి ముసలివాడికి కట్టబెట్టారు. అమ్మవారు అడ్డుపడలేదు. కథ మొత్తంలో ఆవిడ చేసిందల్లా చివర్న పిల్లను తనలో కలుపుకోవడమే, అదీ కవి చెప్పిన మాటను బట్టి.

ఇది కవి కల్పన అని సర్దుకోవడానికీ వీల్లేదు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ ఇంగ్లీషు పీఠికలో ఆయనే లెక్క ఇచ్చాడు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి తయారు చేయించిన జాబితా అది. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో నమోదైన శుల్కం పెళ్లిళ్లు 1,034. పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు 6, ఏడాదివాళ్లు 3. ఆ ఏడాది బిడ్డల ధర 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉండగానే బేరం కుదిరిన సందర్భాలూ ఉన్నాయట. వీటిలో ముహూర్తం పెట్టనిదేది, మంత్రం చదవనిదేది? ఏడాది బిడ్డ ఎవరి చంకనెక్కి ఏడడుగులు వేసిందో ఆ పురోహితులే చెప్పాలి.

శాస్త్రం అలా చెప్పింది కదా అంటారు. రజస్వల కాకముందే పెళ్లి చేయకపోతే తండ్రికి పాపమన్న మాట అందరికీ గుర్తుంది. కూతురికి శుల్కం పుచ్చుకుంటే బిడ్డను అమ్ముకున్నట్టేనని మనువే అన్నమాట మాత్రం ఆ ఇళ్లలో ఎవరికీ గుర్తు రాలేదు. శాస్త్రమైనా జేబుకు నష్టం లేనంతవరకే!

అన్యాయంగా పోయిన ఆడదానికి గుడి కట్టి పేరంటాలుగా కొలవడం మనకు పాత అలవాటు. బతికుండగా నీకిష్టమేనా అని అడగనివాళ్లే చచ్చాక పసుపుకుంకుమలు పట్టుకొస్తారు. అమ్మినవాడు, కొన్నవాడు కూడా భక్తుల వరసలో నిలబడతారు. ఇంకెవరు ఎవర్ని నిలదీస్తారు? ‘దుర్గను చేరింది’ అన్న ముగింపు ఎంత అందంగా ఉన్నా, నాకు దాని మీద ఆ అనుమానం పోదు.

అత్తవారింటికి బయల్దేరే వేళ కూడా పూర్ణమ్మ దుర్గను కొలవడం మానొద్దనే తోబుట్టువులకు చెబుతుంది. అంత భక్తి ఆమెకు ‘నేను వెళ్లను’ అనే ఒక్క మాట నేర్పలేదు. మీ బిడ్డల్లో ఒకతెకు నా పేరు పెట్టండి అని కూడా అడుగుతుంది. ఆ చిన్న పూర్ణమ్మకు ఎన్నేళ్లకు పెళ్లి చేశారో, ఎంత పుచ్చుకున్నారో గురజాడ రాయలేదు. ఆయన 1915లో పోయాడు. ఆడపిల్లకు కనీసం 14 ఏళ్లు ఉండాలన్న శారదా చట్టం 1929లో గానీ రాలేదు.