రీల్‌కి ఒకటే కన్ను... స్టేజీకి వెయ్యి కళ్లు!

కాలేజీ డే దగ్గర పడింది. స్కిట్ రెడీ, డైలాగులు నోటికొచ్చేశాయి. తీరా స్టేజీ ఎక్కాక అయిదుగురూ గ్రూప్ ఫొటోకి నిలబడ్డట్టు మైకు ముందు వరసగా నిలబడిపోతారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. వెనక వరసలోవాళ్లు ఫోన్లు తీసేస్తారు.

లోపం డైలాగుల్లో లేదు, బ్లాకింగ్‌లో ఉంది. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు కదలాలి, ఎందుకు కదలాలి అని ముందే అనుకుని చేసుకునే ఏర్పాటే బ్లాకింగ్. ఇంగ్లండ్ నాటక రచయిత డబ్ల్యూ.ఎస్. గిల్బర్ట్ 19వ శతాబ్దంలోనే బుల్లి స్టేజీ నమూనా మీద చెక్క దిమ్మెలు జరుపుతూ దీన్ని లెక్కేసుకునేవాడు.

భారతం మిట్టే పెద్ద స్కూలు

దీన్ని కళ్లారా చూడాలంటే కార్వేటినగరం, పుత్తూరు, నగరి వైపు ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం జరిగేటప్పుడు వెళ్లండి. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. ఇద్దరు తెర పట్టుకుంటారు. పాత్రధారి దాని వెనక నుంచే పాట ఎత్తుకుంటాడు. తెర తీసేలోపే జనం కళ్లన్నీ అక్కడికి చేరిపోయుంటాయి. ఎంట్రీ అంటే అదీ!

అర్జునుడి తపస్సు రోజు నటుడు పొడవాటి మాను ఎక్కి పద్యాలు పాడతాడు. అంత ఎత్తున ఉంటే ఎంత దూరంలో ఉన్నవాళ్లకైనా కనబడాల్సిందే. దుర్యోధన వధలో మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి బొమ్మ నేలమీద పడుకుని ఉంటుంది. చుట్టూ జనం. భీముడు, దుర్యోధనుడు ఒకేచోట నిలబడి తలపడితే సగంమందికి వీపులే కనబడతాయి. అందుకే బొమ్మ చుట్టూ తిరుగుతూ తరుముకుంటారు. అన్ని వైపులవాళ్లకీ అందేలా చేసిన బ్లాకింగ్ అది.

స్టేజీ మ్యాప్ ఇదీ

చుట్టూ జనం ఉంటే అరీనా స్టేజీ. మూడు వైపులా ఉంటే థ్రస్ట్. ఎదురుగా మాత్రమే ఉంటే ప్రొసీనియం, అంటే మన కాలేజీ ఆడిటోరియం. 1885లో కడప జిల్లా సురభిలో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటకాల రంగుల తెరలు, మాయలు ఈ ఎదురుచూపు స్టేజీ మీదే పండాయి.

స్టేజీ మీద కుడి, ఎడమ అంటే జనంవైపు తిరిగి నిలబడ్డ నటుడి కుడి, ఎడమ. జనానికి దగ్గరగా ఉండేది డౌన్‌స్టేజ్, వెనకవైపుది అప్‌స్టేజ్. పూర్వం యూరప్‌లో స్టేజీని వెనక్కి పోయేకొద్దీ ఎత్తుగా కట్టేవాళ్లు. ఆ పేర్లు అలా వచ్చాయి. అడ్డంగా మూడు, నిలువుగా మూడు గీస్తే తొమ్మిది గళ్లు. మీ మ్యాప్ అదే.

ఇవి గుర్తుంటే చాలు

* పక్కవాడితో మాట్లాడేటప్పుడు పూర్తిగా అటు తిరగొద్దు. ఒళ్లు కొంచెం జనంవైపు తెరిచి ఉంచండి.
* మోకాలి మీద కూర్చోవాలంటే జనంవైపున్న మోకాలు నేలకి ఆనించండి. ముఖం, ఛాతీ మూసుకుపోవు.
* మీ డైలాగు మీద కదలండి, ఎదుటివాడి డైలాగు మీద కదలొద్దు. మీరు కదిలితే చూపులు మీకే వస్తాయి, వాడి మాట గాలికి పోతుంది.
* ముగ్గురుంటే వరస వద్దు, త్రికోణం మేలు.
* మాట్లాడుతూ మాట్లాడుతూ వెనక్కి జరిగిపోవద్దు. మీతో మాట్లాడాలంటే ఎదుటివాడు జనానికి వీపు చూపించాలి. అది వాడి సీను లాగేసుకోవడమే.
* ప్రతి అడుక్కీ కారణం ఉండాలి. కోపమొస్తే దగ్గరికి, భయమేస్తే దూరానికి. కారణం లేకపోతే కదలకుండా ఉండటమే నయం.

రిహార్సల్‌కి హాలు దొరకలేదా? మిద్దెమీద సుద్దముక్కతో తొమ్మిది గళ్లు గీసుకోండి. స్క్రిప్టు పక్కన కదలికలు పెన్సిల్‌తో రాసుకోండి, ఎలాగూ మారతాయి.

ఆఖరి పరీక్షకి మీ ఫోనే చాలు. చివరి వరస ఉండే చోట దాన్ని పెట్టి రిహార్సల్ రికార్డ్ చేయండి. తర్వాత సౌండ్ మ్యూట్ చేసి, కథ తెలియని ఫ్రెండ్‌కి చూపించండి. ఎవరికి ఎవరి మీద కోపమో, ఎవరు గెలిచారో వాడు చెప్పేస్తే మీ బ్లాకింగ్ పాస్. చెప్పలేకపోతే డైలాగులు మార్చకండి, అడుగులు మార్చండి!