వేట వద్దు, వేటగాడి చట్రం కావాలి

అమెరికాలో వేటకెళ్లేవాళ్లకు బయటి చట్రం ఉన్న వీపుసంచి పెద్ద ఆస్తి. సంచి విప్పేసి, చట్రం అడుగున చిన్న పీట బిగించి, దుప్పి మాంసాన్ని దానికి కట్టుకుని కొండ దిగుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మనకిప్పుడు ఆ వేటకు అనుమతి లేదు. ఉండకూడదు కూడా. అయితే వేట పోయింది గానీ మోత పోలేదు. తమిళనాడులో ఆలంగాయం పైనున్న జవ్వాదు కొండల్లో చామల మూటలు, చింతపండు, పనసకాయలు, తేనె డబ్బాలు ఇంకా మనుషుల నెత్తిమీదే, మూపు మీదే దిగుతున్నాయి. ఆ చట్రం ఉండాల్సింది వీళ్ల వీపున.

చట్రంలో మాయేమీ లేదు. భుజాలకు వేలాడే బరువు మనిషిని వెనక్కి లాగుతుంది, దాన్ని ఆపడానికి నడుము ముందుకు వంగుతుంది. గట్టి చట్రానికి నడుంపట్టీ తోడైతే బరువులో ఎక్కువ భాగం తుంటి ఎముకల మీదికి దిగి కాళ్లకు చేరుతుంది. చేతులు రెండూ ఖాళీ. జారే రాళ్లమీద అది చిన్న లాభం కాదు. ఇది పడమటివాళ్ల సొత్తూ కాదు. కొరియా రైతులు జిగె అనే చెక్క చట్రంతో తరతరాలుగా మోశారు. 1950లో మొదలైన కొరియా యుద్ధంలో అమెరికా సైన్యానికి కొండలమీదికి తిండీ గుండ్లూ చేర్చినవి ఆ జిగెలే. అమెరికా వీపుసంచుల తయారీదారు కెల్టీ అల్యూమినియం చట్రం 1952లో గానీ రాలేదు.

నెత్తిమోతే తేలికని వాదించేవాళ్లున్నారు. వాళ్ల దగ్గర ఆధారమూ ఉంది: ఒంటి బరువులో ఐదో వంతు దాకా నెత్తిన పెట్టుకున్నా ఆఫ్రికా స్త్రీలకు అదనపు శ్రమ పడలేదని 1986లో ‘నేచర్’ పత్రికలో అచ్చయింది. అయితే వాళ్లు చిన్ననాటినుంచి అలవాటుపడ్డవాళ్లు. పైగా ఐదో వంతంటే యాభై కిలోల మనిషికి పది కిలోలు. చామల మూట పది కిలోల దగ్గర ఆగుతుందా?

చట్రం దొంగలకూ ఉపయోగపడుతుందనేది మరో మాట. ఎర్రచందనం దుంగలు ఏ చట్రమూ లేకుండానే శేషాచలం దాటాయి. ఇక రోడ్డు వేయక చట్రమేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. 2023 మేలో వేలూరు జిల్లా అల్లేరి కొండమీద, పాముకాటుకు పోయిన పసిబిడ్డను తల్లి చేతుల్లో మోసుకుని నడవాల్సి వచ్చింది. రోడ్డుకు బదులు చట్రమిస్తామని ఎవరైనా అంటే తరిమికొట్టాలి. కానీ రోడ్డొచ్చినా తేనెపట్టు రోడ్డు పక్కన పట్టదు. చెట్టునుంచి ఊరిదాకా కాలిబాటే.

చట్రం ఎంపికలో అసలు సంగతి కొలత. తుంటినుంచి మెడ ఎముకదాకా ఎంత పొడవో అంత చట్రం కావాలి. ఒకే కొలతతో వందలు చేయిస్తే సగం మూలపడతాయి, ముందుగా ఆడవాళ్లవే. అల్యూమినియం తేలికే గానీ ఊరి వెల్డింగు షాపులో అతకడం కష్టం. సన్న ఇనుప గొట్టం కాస్త బరువైనా విరిగినచోటే బాగవుతుంది. గొట్టం వీపుకు తగలకుండా నవారు బిగించి లాగాలి. అడుగున మడిచే పీట ఉండాలి. కాలు జారితే ఒక్క లాగుతో ఊడే పట్టీలుండాలి. పట్టీలకు తోలు వాణియంబాడిలో ఉంది, నవారు నేసే చేతులు గుడియాత్తంలో ఉన్నాయి. తిరుపత్తూరు జిల్లా అధికారులు ముందు ఇరవై చట్రాలు చేయించి, ఒక పనసకాపు కాలం కొండవాళ్ల చేతికిచ్చి చూడాలి. ఏది ఎక్కడ ఒరుసుకుంటుందో చెప్పాల్సింది మోసేవాళ్లే.