రేపు బర్త్‌డే... కేకు ఎంత తేవాలి?



రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ మోగిందంటే విషయం నాకు ముందే అర్థమైపోతుంది. "మేడమ్, రేపు బాబు బర్త్‌డే ఉంది. క్లాసుకు కేకు ఎంత తేవాలె? కిలో సరిపోతదా, రెండు కిలోలు చెప్పాల్నా?" మూడేళ్లుగా ఈ ప్రశ్నకు నేను చెప్పిన జవాబుల్లో సగం తప్పులే. బీఈడీలో లెసన్ ప్లాన్ రాయడం నేర్పారు, బ్లూప్రింట్ వేసి ప్రశ్నపత్రం తయారు చేయడం నేర్పారు. నలభై మంది పిల్లలు కళ్లప్పగించి చూస్తుంటే కిలో కేకు ముందు ప్లాస్టిక్ కత్తి పట్టుకుని నిలబడటం మాత్రం ఎవరూ నేర్పలేదు. అందుకే ఈ నెల నాకిచ్చిన పేజీని దీనికే వాడుకుంటున్నాను. ఇది స్కూల్ సర్క్యులర్ కాదు. ఒక క్లాస్ టీచర్ అభిప్రాయం, అంతే.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక అమ్మ అడిగితే "కిలో చాలండీ" అనేశాను. మొహమాటం. ఎక్కువ చెబితే ఖర్చు పెట్టించినట్టు ఉంటుందని. మర్నాడు గుండ్రటి కూల్ కేక్ వచ్చింది. పైన క్రీమ్ పూలు, చుట్టూ చాక్లెట్ ముక్కలు. పిజ్జా కోసినట్టు త్రికోణాలుగా కోయడం మొదలుపెట్టాను. మొదటి బెంచీ నుంచి పంచుకుంటూ వెళ్లాను. నాలుగో బెంచీకి వచ్చేసరికి ముక్కలు సగమయ్యాయి, చివరి బెంచీకి వచ్చేసరికి అట్టకు అంటుకున్న క్రీమ్ మిగిలింది. అక్కడ కూర్చున్న అబ్బాయి నేను ఏమీ అనకముందే, "ఐ డోంట్ లైక్ కేక్, టీచర్" అన్నాడు. ఆ ఏడాది మిగతా పుట్టినరోజులన్నింటికీ వాడు కేకు తిన్నాడు. క్రీమ్ మూతికి అంటించుకుని మరీ తిన్నాడు.

నిజానికి అంచనా వేయడం మనకు రాని విద్య కాదు. మా చేవెళ్ల వైపు ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్లను అడగండి, బగారా అన్నానికి కిలో బియ్యం ఎనిమిది మందికి వస్తుందనో పది మందికి వస్తుందనో ఆలోచించకుండా చెబుతారు. రెండు వందల మంది వచ్చే ఫంక్షన్‌కు లెక్క వేయగలిగిన మనమే కేకు దగ్గర తడబడతాం. ఎందుకంటే బేకరీవాళ్లు అమ్మేది కిలోల్లో, పిల్లలు తినేది ముక్కల్లో. మధ్యలో ఆకారం ఒకటి ఉంది. ఒకే కిలో కేకు ఎత్తుగా, గుండ్రంగా ఉంటే పదహారు ముక్కల తర్వాత పొడిపొడి అయిపోతుంది. అదే కిలో చదునుగా, పలకలా ఉంటే ఇరవై రెండు ముక్కలు నిలబడతాయి. గుండ్రటి కేకు కోత గురించి ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1906లో ఏకంగా నేచర్ పత్రికకే ఉత్తరం రాశాడు. ఆయన సమస్య వేరు లెండి. తినేది కొద్దిమంది, మిగిలిన కేకు మర్నాటికి ఎండిపోకూడదు. నలభై మంది ఉన్న మూడో తరగతి ఆయన ఊహలోకి వచ్చి ఉండదు.

తక్కువైతే ఏమవుతుందో చిల్కూరు వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2024 ఏప్రిల్ 19 మీకు గుర్తుండే ఉంటుంది. బాలాజీ గుడి బ్రహ్మోత్సవాల్లో సంతానం లేని వాళ్లకు గరుడ ప్రసాదం ఇస్తారని తెలిసి, అనుకున్నదానికన్నా ఎన్నో రెట్లు జనం వచ్చారు. దారులన్నీ గంటల తరబడి కార్లతో నిండిపోయాయి. చివరికి ఆ తర్వాతి రోజుల పంపిణీ ఆపేస్తున్నట్టు ప్రకటించాల్సి వచ్చింది. ఎంతో ఆశతో వచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్లినవాళ్ల ముఖాలు టీవీలో చూశాను. అక్కడ ఎంతమంది వస్తారో ముందుగా ఎవరికీ తెలియదు. మన క్లాసులో అయితే అటెండెన్స్ రిజిస్టరే ఉంది. అది ఉండి కూడా ఒక పిల్లాడికి ముక్క అందలేదంటే తప్పు పూర్తిగా మనదే. ఆ రోజైతే నాది.

ఇక ఎక్కువైతే. "మిగిలితే ఫర్వాలేదు, తక్కువైతే పరువు పోతది" అని మన పెళ్లిళ్లలో అంటాం. పెళ్లిలో మిగిలిన అన్నం ఎవరో ఒకరు తీసుకెళ్తారు. క్లాసులో మిగిలిన కూల్ కేక్ ఏమవుతుందో మీకు కనిపించదు, మాకు కనిపిస్తుంది. నిరుడు ఒక పుట్టినరోజుకు మా క్లాసుకు రెండంతస్తుల కేకు వచ్చింది. ఐదు కిలోలు. మెహిదీపట్నం నుంచి కారులో తెచ్చారు. పై అంతస్తు అప్పటికే కాస్త పక్కకు వాలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు, ఫొటోలు తీశాం, పేరెంట్స్ గ్రూపులో పెట్టాం. తిన్నది సగమే. రెండో పీరియడ్‌లో కోసిన కేకు లంచ్ దాకా బయటే ఉండిపోయింది. క్రీమ్ కారిపోయింది, ఇంటికి పంపడానికి ధైర్యం చాలలేదు. ఆయమ్మ దాన్ని చెత్తబుట్టలో వేస్తూ, "ఇంత పైస పెట్టి కొన్నరు గదా మేడమ్" అంది. నేనేం చెప్పగలను?

అయితే పారేసిన కేకు గురించి కాదు నా బాధ.

ఆ మరుసటి వారమే ఇంకో పాప పుట్టినరోజు. కొత్త డ్రస్‌లో వస్తుందని ఎదురుచూశాం. రాలేదు. జ్వరమని ఫోన్ వచ్చింది. తర్వాతి రోజు చక్కగా నవ్వుతూ వచ్చింది. తగ్గిందా అని అడిగితే, ఇంగ్లీషులో మొదలుపెట్టి మధ్యలో తెలుగులోకి దిగింది. "ఫీవర్ రాలే టీచర్. కేక్ చిన్నగ తెస్తే అందరు నవ్వుతరని అమ్మ అన్నది." ఆ ఇంటికి ఈ స్కూల్ ఫీజు ఎంత బరువో నాకు తెలుసు. ఆ ఐదు కిలోల ఫొటోను గ్రూపులో పెట్టింది నేనే.

అప్పటి నుంచి కేకుల ఫొటోలు గ్రూపులో పెట్టడం మానేశాను. పిల్లలవి పెడతాను. కేకు తెచ్చిన వాళ్లు నా మీద కోపం తెచ్చుకోవద్దని మనవి.

ఇప్పుడు మీరు అడిగే లెక్క. మూడో తరగతి పిల్లలకు 45 గ్రాముల ముక్క చాలు. అంటే రెండు, మూడు పెద్ద గుక్కలు. ఇంతేనా అనిపిస్తుందేమో. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం చక్కెర రోజుకు 25 గ్రాములకు మించకూడదు. క్రీమ్ కేకులో మూడో వంతు చక్కెరే అనుకున్నా, ఈ చిన్న ముక్కలోనే 15 గ్రాములు వెళ్లిపోతుంది. సాయంత్రం ఇంట్లో మీరు ఇంకో కేకు కోయిస్తారు కూడా.

రిజిస్టర్‌లో ఉన్న సంఖ్యకే లెక్క వేయండి, ఆ రోజు వచ్చిన వాళ్ల సంఖ్యకు కాదు. ఇద్దరు రాకపోతే ఆ ముక్కలు యూకేజీలో ఉన్న తమ్ముడికో చెల్లికో వెళ్తాయి. ఆయమ్మలను, వ్యాన్ అన్నను మర్చిపోవద్దు. పిల్లవాడు తన చేత్తో మొదట వాళ్లకు ఇచ్చిన రోజులు ఉన్నాయి, అవి నాకు కేకు రుచి కన్నా ఎక్కువ గుర్తున్నాయి. ఎగ్‌లెస్ చెప్పండి, మొత్తం ఎగ్‌లెస్సే. మా క్లాసులో గుడ్డు తినని పిల్లలు కొందరు, శనివారం మాత్రం తినని వాళ్లు మరికొందరు. వాళ్ల కోసం వేరే చిన్న కేకు తెస్తే వాళ్లను వేరే బెంచీలో కూర్చోబెట్టినట్టే ఉంటుంది. మొయినాబాద్‌లోనో చేవెళ్లలోనో ముందు రోజు సాయంత్రం ఆర్డర్ ఇచ్చి, "చదునుగా, పలకలా, ఎత్తు వద్దు" అని చెప్పండి. సిటీ నుంచి ఎండలో తేవాల్సిన అవసరం లేదు. ముఖానికి పూసే ముక్క ఈ లెక్కలో లేదు. మా క్లాసులో పూయనివ్వను.

రెండు కిలోలు దాటొద్దు. తక్కువ తేవాలనుకునే వాళ్లకు ఇబ్బంది కలగకుండా, ఎక్కువ తేగలిగిన వాళ్లు ఇక్కడ ఆగాలని నేను అడుగుతున్నాను. అసలు కేకే వద్దు, పల్లీపట్టీలు పంచుతాం అన్నా సంతోషమే. గత నెల ఒక తాతయ్య తోట నుంచి ఒక బుట్టెడు జామకాయలు పంపారు. పిల్లలు ఇంటర్వెల్ దాకా ఆగలేదు.

ఆ పాప పుట్టినరోజు ఈ నెలలో మళ్లీ వస్తోంది. వాళ్లమ్మ ఇంకా ఫోన్ చేయలేదు, ఈ పేజీ చదివాక చేస్తారని ఆశ. చేస్తే ఏం చెప్పాలో ఇప్పటికే రాసి పెట్టుకున్నాను. పిల్లలు 41, పెద్దలు నలుగురు. పది అంగుళాలకు పన్నెండు అంగుళాల పలక కేకు, ఇంచుమించు రెండు కిలోలు. ఒకవైపు ఐదు వరుసలు, ఇంకోవైపు తొమ్మిది. స్కేలు నేను తెస్తాను.