పికప్ పెరిగింది సరే, ఫుట్‌పాత్ ఏది?

2001ల ఫియట్ పాలియో 1.6 వచ్చినప్పుడు పోరగాండ్లు దానెంట పడ్డరు. 100 హార్స్‌పవర్ ఇంజిన్. సచిన్ పేరు మీద ఎస్10 కూడా తెచ్చిండ్రు. గప్పట్ల మన దిక్కు గదే స్పోర్ట్స్ కారు లెక్క.

గిప్పుడు ఇంటిల్లిపాది పోయే సెడాన్‌ను సూడుండ్రి. 2023ల వచ్చిన హ్యుందాయ్ వెర్నా టర్బోకు 160 హార్స్‌పవర్. సున్నా నుంచి 100 స్పీడుకు 8.1 సెకండ్లేనని కంపెనీ మాట. పికప్‌ల పాలియో దాని దరిదాపులకు గూడ రాదు. మీదికెల్లి 6 ఎయిర్‌బ్యాగులు, గ్లోబల్ ఎన్‌క్యాప్ టెస్టుల 5 స్టార్లు.

మంచిదే. గని గా ఎయిర్‌బ్యాగులు కారు లోపల కూసున్నోళ్లకే. రోడ్డు దాటే ముసలవ్వకు ఏమున్నది? 2022ల దేశంల 1,68,491 మంది రోడ్ల మీద పానాలిడిసిండ్రు. అండ్ల నూటికి 70 మందికి పైనే అతివేగానికి బలైండ్రని కేంద్రం లెక్కలే చెప్తున్నయ్. పట్నం రోడ్లల్ల కారుకు కేంద్రం పెట్టిన పెద్ద హద్దే 70. మరి 8 సెకండ్లల్ల 100 యాడ తొక్కాలె?

కంపెనీలు స్పీడు అమ్ముకుంటున్నయ్, సర్కార్లు పన్ను గుంజుతున్నయ్. నడిచేటోని గురించి అడిగేటోడు లేడు. షోరూంల పికప్ ఎంతని అడిగినంత గట్టిగ, మన గల్లీల ఫుట్‌పాత్ ఏదని సర్కారును అడుగుండ్రి.