చెవి అందిందా?

సర్టిఫికెట్ ప్రకారం మా బాపు పుట్టింది జూలై 1న. ఆయనతోపాటు బడిలో చేరిన మా ఊరి పిల్లల్లో చాలామంది పుట్టినరోజులు జూలై మొదటివారంలోనే ఉంటాయి. జగిత్యాల దగ్గరి మా ఊరి బడిలో అప్పటి పంతులు పిల్లల్ని వరసగా నిలబెట్టి, కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవిని పట్టుకొమ్మనేవారట. చెవి అందితే ఐదేళ్లు నిండినట్టే. వెనక్కి లెక్కేసి ఒక తేదీ రాసుకునేవారు. బాపమ్మ లెక్క వేరు. "మక్క కంకి పాలు పోసుకునే రోజులల్ల పుట్టిండు మీ బాపు" అనేది. తన వయసు అడిగితే "రజాకార్ల లొల్లిల నేను సంకల పిల్లను" అని చెప్పేది. పంతులు రాసిన ఆ జూలై 1తోనే బాపు పాస్‌పోర్టు తీసుకుని దుబాయి పోయాడు. పదిహేడేళ్లు పనిచేసి వచ్చాడు. ఆ తేదీని ఏ దేశమూ, ఏ కంపెనీ ఎన్నడూ ప్రశ్నించలేదు.

నేను హైదరాబాద్‌లో ఎంఎస్‌డబ్ల్యూ చదివి, కొన్నాళ్లు అక్కడే పనిచేసి, పదేళ్ల కిందట ఇంగ్లండ్ వచ్చాను. ఆగ్నేయ తీరానికి దగ్గరలోని ఒక కౌన్సిల్‌లో, అంటే స్థానిక సంస్థలో, సోషల్ వర్కర్‌ని. తల్లీతండ్రీ తోడు లేకుండా చిన్న రబ్బరు పడవల్లోనో, లారీల వెనకో ఈ దేశం చేరే పిల్లలతో నా పని. అఫ్గానిస్తాన్, సూడాన్, ఎరిత్రియా, ఇరాన్, వియత్నాం నుంచి వస్తారు. ఎక్కువమంది మగపిల్లలే. చాలామంది దగ్గర కాగితం ముక్క కూడా ఉండదు. పేరు చెబుతారు, వయసు చెబుతారు. వయసు దగ్గరే చిక్కంతా మొదలవుతుంది.

పద్దెనిమిది నిండలేదంటే 1989 నాటి పిల్లల చట్టం కింద వాడి బాధ్యత కౌన్సిల్‌ది. ఫోస్టర్ కుటుంబమో, సిబ్బంది కనిపెట్టుకుని ఉండే వసతి గృహమో దొరుకుతుంది. బడి ఉంటుంది, నాలాంటి ఒక మనిషి వచ్చి పోతూ ఉంటుంది. పద్దెనిమిది దాటాక కూడా కొంత అండ మిగులుతుంది. నిండాయంటే మాత్రం హోటల్ గదిలో ముక్కూమొహం తెలియని పెద్దవాళ్లతో పడక, పనిచేసే హక్కు లేకుండా నెలల తరబడి ఎదురుచూపు. మధ్యలో ఉన్నది ఒక్క అంకె. ఆ అంకె మీద అనుమానం వచ్చినప్పుడు తేల్చే బాధ్యత మాది.

దానికి ఒక పద్ధతి ఉంది. 2003లో మర్టన్ కౌన్సిల్ మీద నడిచిన కేసులో హైకోర్టు జడ్జి స్టాన్లీ బర్న్‌టన్ ఇచ్చిన తీర్పు నుంచి వచ్చింది కాబట్టి మేమంతా 'మర్టన్ అసెస్‌మెంట్' అంటాం. మరీ తేటతెల్లంగా ఉన్న సందర్భాల్లో తప్ప మొహం చూసి వయసు చెప్పకూడదు. ఇల్లు, చదువు, కుటుంబం, దారి పొడవునా జరిగింది అడగాలి. చెప్పినదాంట్లో పొసగనిది ఉంటే వాడి ముందే పెట్టి జవాబు చెప్పుకునే వీలివ్వాలి. నిర్ణయానికి కారణాలు చూపాలి. ఇద్దరు సోషల్ వర్కర్లం, ఒక దుబాసీ, పిల్లాడి పక్షాన కూర్చునే మరో పెద్దమనిషి ఉంటాం. కాగితం మీద మంచి పద్ధతే. ఆ పద్ధతిలోనే నేను తప్పు చేశాను.

2022 నవంబర్. అఫ్గానిస్తాన్‌లోని నంగర్హార్ నుంచి వచ్చిన కుర్రాడు. ఎవరో గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను. పదహారేళ్లన్నాడు. పొడగరి, నూనూగు మీసం దాటి గడ్డం వచ్చింది, అరచేతులు కాయలు కాచి చెక్కలా ఉన్నాయి. ఇరాన్‌లో ఇటుక బట్టీలో, తర్వాత టర్కీలో ఒక రొట్టెల కార్ఖానాలో పనిచేశానన్నాడు. మూడు గంటలు కూర్చోబెట్టి అడిగాం. నాన్న పోయినప్పుడు ఎన్నేళ్లంటే ఒకసారి తొమ్మిదన్నాడు, ఒకసారి పదకొండన్నాడు. వాళ్ల కేలండర్ సౌర హిజ్రీది, ఏడాది మార్చి 21 ప్రాంతంలో మొదలవుతుంది. మాకు 2022 అయితే ఆ నవంబర్ వాళ్లకు 1401. అతను చెప్పిన ఏళ్లను దుబాసీ మా ఏళ్లలోకి మారుస్తుంటే నా సహోద్యోగి రాసుకుంది, ఆ మార్పిడిలో ఎక్కడ తేడా వచ్చిందో మాలో ఎవరమూ తిరిగి చూసుకోలేదు. ఏ తేదీన పుట్టావని అడిగాను. "తేదీ తెలియదు. తూత్ పండ్లు రాలే రోజుల్లో పుట్టానని అమ్మ చెప్పేది" అన్నాడు. తూత్ అంటే మల్బరీ. నేను నివేదికలో రాసింది ఇది: 'పుట్టిన తేదీ చెప్పలేకపోయాడు.'

మక్క కంకుల కాలంలో పుట్టిన తండ్రికి కూతురిని నేను. చదువుకునే రోజుల్లో ఫీల్డ్‌వర్క్ కోసం పెద్దపల్లి ఇటుక బట్టీలకు వెళ్లినదాన్ని. ఒడిశాలోని బలంగీర్ నుంచి తల్లిదండ్రులతో వచ్చిన పిల్లల చేతులు చూశాను. పదేళ్ల పిల్లకు ముప్పై ఏళ్ల అరచేతులు ఉండడం నాకు ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. అయినా ఆ గదిలో కూర్చున్నప్పుడు నాకు పెద్దపల్లి గుర్తురాలేదు, బాపమ్మ గుర్తురాలేదు. ఎదురుగా ఫారం ఉంది, ఫారంలో గడులు ఉన్నాయి. పిల్లల వసతికి ఖాళీలు లేవని పొద్దునే మెయిల్ వచ్చింది. "తక్కువలో తక్కువ 19" అని ఇద్దరం సంతకం పెట్టాం.

అతన్ని వేరే ఊళ్లో పెద్దవాళ్లుండే హోటల్‌కు పంపారు. అయిదు నెలల తర్వాత వాళ్ల మేనమామ వాట్సాప్‌లో తస్కరా ఫోటో పంపాడు. తస్కరా అంటే వాళ్ల గుర్తింపు పత్రం. పాత తస్కరాల్లో చాలావాటిలో పుట్టిన తేదీ ఉండదు, ఫలానా ఏడాది నాటికి ఇన్నేళ్లవాడు అని ఉంటుంది. ఇతనిది 1396లో పదకొండేళ్లు. లెక్కేస్తే మా గదిలో కూర్చున్న రోజు అతనికి పదహారే. ఆ అయిదు నెలల్లో బడి మొహం చూడలేదు. గదిలో ఉన్న మరో ముగ్గురు మగవాళ్లకు భయపడి, రాత్రిళ్లు మెట్ల మీద కూర్చుని తెల్లవార్చేవాడని తర్వాత తెలిసింది.

ఇది నా ఒక్కదాని తప్పే అయితే పత్రికకెక్కించేదాన్ని కాదు. తీరంలో దిగిన రోజే, మొహం చూసి పెద్దవాళ్లని అధికారులు ముద్రవేసిన పిల్లలు కనీసం 1,300 మంది ఉన్నారని హెలెన్ బాంబర్ ఫౌండేషన్, మరికొన్ని సంస్థలు కౌన్సిళ్ల నుంచి సమాచారం తెప్పించి 2024లో బయటపెట్టాయి. 2022 జనవరి నుంచి 2023 జూన్ దాకా, ఏడాదిన్నర లెక్క అది. పిల్లలుగా ఒప్పుకున్నవాళ్ల గతీ అంతంత మాత్రమే. 2021 జూలై నుంచి హోమ్ ఆఫీస్, అంటే ఇక్కడి హోంశాఖ, తోడులేని పిల్లల్ని నేరుగా హోటళ్లలో పెట్టింది. అలా పెట్టిన 4,600 మందిలో 200 మంది ఆచూకీ లేదని 2023 జనవరిలో మంత్రులే పార్లమెంటులో ఒప్పుకున్నారు. పిల్లల్ని అలా హోటళ్లలో ఉంచడం అలవాటుగా చేసుకోవడం చట్టవిరుద్ధమని అదే ఏడాది జూలైలో హైకోర్టు తేల్చింది.

ఇప్పుడు నా అభ్యంతరం చెబుతాను. 2022లో వచ్చిన నేషనాలిటీ అండ్ బోర్డర్స్ చట్టం, వయసు తేల్చడానికి ఒక జాతీయ బోర్డును పెట్టింది. మరుసటి ఏడాది పని మొదలుపెట్టిన ఆ బోర్డు హోమ్ ఆఫీస్ లోపలే ఉంది. అందులో చేరేది నాలాంటి సోషల్ వర్కర్లే, జీతమిచ్చేది మాత్రం సరిహద్దుల శాఖ. ఎవర్ని రానివ్వాలి, ఎవర్ని పంపించాలి అని నిర్ణయించే శాఖలో కూర్చుని ఒక పిల్లాడి మేలు గురించి స్వతంత్రంగా ఆలోచించగలనని నేను అనుకోను. కౌన్సిల్‌లో కూర్చునే, ఒక్క ఖాళీల మెయిల్‌కే నా చూపు వంకరపోయింది. పిల్లాడికి ఏ బడి కావాలో, ఎలాంటి ఇల్లు కావాలో తెలియడం కోసం వయసు అడగడం మా వృత్తిలో భాగం. వీసా ఫైలు మూయడం కోసం అడగడం మా వృత్తిలో లేదు. బ్రిటిష్ సోషల్ వర్కర్ల సంఘం ఈ మార్పుల్ని విమర్శించింది. అంతర్జాతీయ సోషల్ వర్కర్ల సమాఖ్య 2014లో మెల్‌బోర్న్‌లో ఆమోదించిన నిర్వచనంలో మానవ హక్కులు, సామాజిక న్యాయం మా పనికి మూలమని ఉంది. ఆ వాక్యాన్ని ఉద్యోగంలో చేరినప్పుడు ఒకసారి చదివి వదిలేయడానికి రాయలేదు.

యంత్రాలతో తేల్చుకుందామన్న ఆశ కూడా ఆ 2022 చట్టంలోనే ఉంది. పళ్లకు, మణికట్టుకు ఎక్స్‌రే, మోకాలికి, మెడ కింది ఎముకకు ఎంఆర్‌ఐ. చేతి ఎముకల్ని పోల్చి చూడడానికి దశాబ్దాలుగా వాడుతున్న గ్రూలిక్, పైల్ అట్లాస్‌లోని బొమ్మలు, 1930ల ప్రాంతంలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కలిగిన ఇళ్ల తెల్లపిల్లలకు తీసినవి. కడుపు నిండా తిని పెరిగిన ఆ పిల్లల ఎముకల పక్కన, ఆకలితో మూడు దేశాలు దాటిన పిల్లాడి ఎముకలు పెట్టి ఏం చెప్పగలం? కచ్చితంగా వయసు చెప్పగల పద్ధతి ఏదీ లేదని ప్రభుత్వం వేసుకున్న శాస్త్రవేత్తల కమిటీయే చెప్పింది. అయినా 2025లో, ఫోటో చూసి వయసు అంచనా కట్టే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్‌ను వాడతామని ప్రకటించారు. ఉప్పునీళ్లలో తడిసి, నాలుగు రోజులు నిద్రలేని మొహాన్ని అది ఏ మొహంతో పోలుస్తుంది?

నన్ను ఎదురడిగేవాళ్లు ఉన్నారు. ఇరవై రెండేళ్లవాడు పదిహేడని చెప్పి పిల్లల మధ్య చేరితే? అలాంటివాళ్లు ఉంటారు, నేను చూశాను. ఆ పిల్లల భద్రత కూడా నా బాధ్యతే. కానీ రెండు పొరపాట్లూ ఒక్క బరువువి కావు. సిబ్బంది రాత్రీపగలూ ఉండే వసతి గృహంలోకి ఒక పెద్దవాడు వస్తే నాలుగు వారాల్లో మాకు తెలుస్తుంది. తోటివాళ్లతో ఎలా మసలుతున్నాడో, దేనికి గొడవపడుతున్నాడో, ఫోన్‌లో ఎవరితో ఏం మాట్లాడుతున్నాడో కనిపిస్తూనే ఉంటుంది. అనుమానం వస్తే వేరే గది, వేరే ఇల్లు ఇవ్వొచ్చు. పెద్దల హోటల్‌లోకి ఒక పిల్లాడు వెళ్తే వాణ్ని కనిపెట్టి చూసేవారు ఎవరూ లేరు. అందుకే మూడు గంటల ఇంటర్వ్యూ బదులు కొన్ని వారాలు దగ్గరుండి చూడమంటున్నాను. అప్పటికీ తేలకపోతే పిల్లాడిగానే లెక్కించమంటున్నాను.

మన దేశంలో 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ చూడండి. వయసు మీద సందేహం వస్తే ముందు బడి సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. అంటే మా ఊరి పంతులు చెవి పట్టించి రాసిన తేదీకి చట్టం మొదటి పీట వేసింది. ఆయన లెక్క నెలా రెండు నెలలు తప్పి ఉండొచ్చు. కానీ ఆయన ఆ పరీక్ష పెట్టింది పిల్లాణ్ని బడిలోకి తీసుకోవడానికి. నేను సంతకం పెట్టిన పరీక్షతో ఒక పిల్లాడు బడికి దూరమయ్యాడు.

తెలుగు పత్రికలో ఇది ఎందుకంటే, ఈ పనిలోకి మనవాళ్లు వస్తున్నారు. ఇక్కడి కౌన్సిళ్లు సోషల్ వర్కర్లు చాలక విదేశాల నుంచి తీసుకుంటున్నాయి. హైదరాబాద్‌లో, విశాఖలో, తిరుపతిలో ఎంఎస్‌డబ్ల్యూ చదివిన పిల్లలు నాకు ఫోన్ చేసి జీతం, వీసా, రిజిస్ట్రేషన్ అడుగుతారు. వయసు అసెస్‌మెంట్ అంటే ఏమిటని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. అడగకపోవడం వాళ్ల తప్పు కాదు. నేను చదివినప్పుడు శరణార్థుల మీద ఒక్క పేపర్ లేదు. మన దేశంలో సోషల్ వర్క్ చదువుకు తొలి బడి 1936లో బొంబాయిలో టాటాలు పెట్టింది, విభజన తర్వాత అక్కడి విద్యార్థులు, అధ్యాపకులు కురుక్షేత్ర శరణార్థి శిబిరానికి వెళ్లి పనిచేశారు. ఆ ముక్క మాకు వృత్తి చరిత్రలో ఒక లైనుగా వచ్చి వెళ్లిపోయింది. హైదరాబాద్‌లోనే బాలాపూర్‌లో రోహింగ్యా కుటుంబాలు ఏళ్లుగా ఉన్నాయి. భారతదేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు, శరణార్థులకంటూ మనకు చట్టం లేదు. అక్కడి పిల్లల బడి, టీకాలు, పుట్టిన తేదీ, అన్నీ ఎవరో ఒక అధికారి మంచితనం మీద నడుస్తున్నాయి. మన సోషల్ వర్క్ శాఖలు విద్యార్థుల్ని అక్కడికి పంపాలి. గల్ఫ్ వెళ్లినవాళ్ల ఇళ్లకూ పంపాలి. చట్టం చెప్పండి, దుబాసీతో మాట్లాడే తీరు నేర్పండి, కేలండర్లు మార్చడం నేర్పండి. అన్నిటికన్నా ముందు, పై అధికారి అడిగినా సంతకం పెట్టనని చెప్పే హక్కు ఈ వృత్తిలో ఉందని చెప్పండి.

తస్కరా వచ్చాక కేసు మళ్లీ తెరిచారు. నన్ను తప్పించి వేరేవాళ్లకు ఇవ్వమని నేనే అడిగాను, నిబంధనల ప్రకారం అదే సరైంది. కానీ పాత నివేదికకు దిద్దుబాటు జతచేయాల్సింది నేనే. ఆ పని మీద వెళ్లి అతన్ని కలిశాను. ఫోస్టర్ ఇంట్లో ఉన్నాడు, కాలేజీలో ఇంగ్లిష్ క్లాసులకు వెళ్తున్నాడు. నా పొరపాటుకు క్షమించమని అడిగాను. దుబాసీ చెప్పింది విని చాలాసేపు కిందికి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, ఈ దేశంలో తూత్ చెట్లు ఉంటాయా అని అడిగాడు. ఉంటాయన్నాను.

ఆఫీసుకు వచ్చి ఫారం తెరిచాను. 'వయసు ఎలా తెలుసు' అన్న గడిలో నేను రాసిన పాత వాక్యం కొట్టేసి ఇలా రాశాను: 'మల్బరీ పండ్లు రాలే రోజుల్లో పుట్టానని తల్లి చెప్పింది. నంగర్హార్‌లో అవి మే నెలలో రాలతాయి.'