నీళ్లొచ్చాయి, నడుములు లేవలేదు

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు. ఈ పేర్లు వినబడని తెలంగాణ సభ అరుదు. జిల్లా అంచున కృష్ణమ్మ పారుతుంటే ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి వంగిపోయిన నల్లగొండ మనిషి మన వాదనకు సాక్షిగా నిలిచాడు. జలసాధన సమితి 2003లో అంశల స్వామిని ఢిల్లీకి తీసుకుపోయి ప్రధాని వాజపేయికి చూపించింది. వంకర కాళ్ల బొమ్మలు మేమూ ఎన్నో అచ్చేశాం.

2014లో రాష్ట్రం వచ్చింది. ఆ తర్వాత మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు సున్నా అని 2020లో కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. కొట్లాడి సాధించుకున్న గెలుపే ఇది, కాదనం. అయితే ఆ సున్నా ఊర్ల లెక్క. ముదిరిన ఎముకల ఫ్లోరోసిస్ మంచినీళ్లతో మళ్లిపోదు. బిగుసుకున్న వెన్ను, తిరగని మెడ అట్లాగే ఉంటాయి. ఎత్తి కూర్చోబెట్టే తల్లిదండ్రులు మాత్రం ముసలివాళ్లవుతారు. స్వామి 2023 జనవరిలో కన్నుమూశాడు. ఆయన లాంటి వాళ్లు ఇంకా ఆ పల్లెల్లోనే ఉన్నారు.

వాళ్లకు అందేదేమిటి? పింఛను. 2014కు ముందు 500 రూపాయలు, 2019లో 3,016, 2023లో 4,016. చిన్న ఆసరా కాదు. కానీ పింఛను పైసలతో కీళ్లు కదలవు. ఫిజియోథెరపీ కావాలంటే నల్లగొండకో హైదరాబాదుకో పోవాలి. నిలబడలేని మనిషిని ఆటో ఎక్కించి, బస్సు దించి, ఇంట్లో ఒకరు కూలి మానుకొని వెంట పోవాలి. వారం వారం ఈ గోస ఎవరు పడతారు? రెండుసార్లు పోయి మానేస్తారు. క్యాంపులో ఇచ్చిన మూడు చక్రాల బండి చెడిపోతే బాగుచేసే దిక్కులేక చూరు కింద తుప్పు పడుతుంది. ఇక సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం దాటని వాళ్లకు ఆ పింఛనూ లేదు.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. పునరావాస సేవలు ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు నడపాలని దాని 27వ సెక్షన్ చెబుతోంది. 'ఆర్థిక స్తోమత మేరకు' అన్న మాట కూడా అందులోనే పెట్టారు. తప్పించుకోదలచిన అధికారికి ఆ ఒక్క ముక్క చాలు. ఎత్తిపోతలకు పైసల్లేవన్న ఆనాటి పాలకుల మాట మన చెవుల్లో ఇంకా ఉంది. సొంత రాష్ట్రంలోనూ అదే జవాబు వినడానికా ఇంతమంది పిల్లలు ప్రాణాలిచ్చింది?

మేం అడుగుతున్నది ఆకాశంలో చుక్కలు కాదు. ఫ్లోరైడ్ మండలాల్లో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఒక ఫిజియోథెరపిస్టు, మంచం దిగలేని వాళ్ల ఇంటికి పోయే బండి, ఉపకరణాలు బాగుచేసే ఒక షెడ్డు. వీటికి బడ్జెట్‌లో సొంత పద్దు ఉండాలి, క్యాంపుల ఖర్చులో కలిపేయొద్దు.

2011లో 42 రోజులు సకల జనుల సమ్మె చేసిన ఉద్యోగ మిత్రులకు ఫైలు ఎక్కడ ఆగుతుందో తెలుసు. విద్యార్థులు ఊరూరా తిరిగి పేర్లు రాయాలి: ఎవరు మంచంలో ఉన్నారు, ఎవరి సర్టిఫికెట్ ఆగింది, ఎవరి బండి విరిగింది. బడ్జెట్ సమావేశాలకు ముందే ఆ జాబితా కలెక్టర్ బల్ల మీదికి చేరాలి.