ముందు ప్రశ్నలు, ఆ తర్వాతే డబ్బులు: గుజరాత్ టూరిజం కార్పొరేషన్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
గుజరాత్ టూరిజం కార్పొరేషన్, గాంధీనగర్.

దీపావళి వస్తే సూరత్‌లో సాంచాలు (మరమగ్గాలు) ఆగుతాయి. లాభ్ పాంచమ్ దాకా రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లు తెరుచుకోవు. లింబాయత్, ఉధనా, పర్వత్ పాటియాల్లో ఉండే మా తెలుగువాళ్లకు ఏడాది మొత్తంలో తీరిక దొరికేది అప్పుడే. మా పెద్దలు ఆ రోజుల్లో వరంగల్‌కో కరీంనగర్‌కో నల్లగొండకో రైలెక్కి పోయేవారు. ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, నాలుగు రూపాయలు సంపాదిస్తున్న మా పిల్లలు సముద్రం లోపల ఏముందో చూసొస్తామంటున్నారు. చూడాలి కూడా. తాతల కాలం నుంచి దారం దుమ్ము పీల్చిన ఇళ్లలోంచి ఒక పిల్ల వెళ్లి పగడపు దిబ్బల మీద ఈదివస్తే నాకు గర్వంగా ఉంటుంది. ఆ పిల్ల క్షేమంగా పైకి రావాలనే ఈ లేఖ రాస్తున్నాను.

మా ఊరి సముద్రం ఇందుకు పనికిరాదు. ఖంభాత్ సింధుశాఖ ఆటుపోట్లకు డుమస్ దగ్గర నీళ్లెప్పుడూ బురదగానే ఉంటాయి. డైవింగ్ అంటే మావాళ్లు ద్వారక దగ్గరి శివరాజ్‌పూర్‌కో, మాల్వణ్‌కో, గోవాకో పోతారు. కాస్త వెసులుబాటు ఉంటే అండమాన్. 2024 డిసెంబరు నుంచి సూరత్‌లోనే బ్యాంకాక్ విమానం ఎక్కొచ్చు కాబట్టి థాయిలాండ్ కూడా దగ్గరైంది. వీటన్నిటిలో మొదట గుర్తొచ్చేది మాత్రం ద్వారకే. 2024 ఫిబ్రవరి 25న ప్రధానమంత్రి ద్వారకలోని పంచ్‌కుయీ తీరంలో నీటి అడుగుకు వెళ్లి, మునిగిన ద్వారకకు నెమలి పింఛాలు సమర్పించారు. ఆ వీడియో చూడని ఇల్లు మా వీధిలో లేదు. ఆయన పక్కన నౌకాదళం డైవర్లున్నారు. మా వీధి కుటుంబం దిగినప్పుడు పక్కన ఎవరుంటారన్నదే నా ప్రశ్న.

మావాళ్లు డైవింగ్ సంస్థను ఎలా ఎంచుకుంటారో మీకు తెలియాలి. ఫోన్‌లో రీల్ చూస్తారు. రేటు అడుగుతారు, వీడియో ఉచితమా అని అడుగుతారు, ఫోన్‌పే కొడతారు. అంతటితో ఎంపిక అయిపోయినట్టే. ఒక తీరంలో నా కళ్ల ముందే జరిగింది చెబుతాను. పడవ కదిలాక ఒక కుర్రాడు ఇంగ్లిషులో ఉన్న ఆరోగ్య ప్రశ్నల కాగితాలు పంచి, కింద సంతకం పెట్టమన్నాడు. అందరూ చదవకుండానే పెట్టారు. మా వరసలో కూర్చున్న అమ్మాయి బ్యాగులో ఆస్తమా ఇన్‌హేలర్ ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. వాళ్లమ్మ నా చెవిలో, "డబ్బులు కట్టేశాం కదా అన్నా, ఇప్పుడు చెబితే దింపేస్తారేమో" అంది.

ఆ తల్లిని నేను తప్పుపట్టను. డబ్బు ముందు తీసుకుని, ఆరోగ్యం గురించి తర్వాత అడిగితే ఎవరైనా దాచిపెడతారు. నిజం చెబితే డబ్బూ పోతుంది, పిల్ల సంబరమూ పోతుంది. సంతకం పెట్టేస్తే రెండూ దక్కుతాయి. ఆ కాగితం ఎందుకుందో వాళ్లకెవరూ చెప్పలేదు.

నీళ్లలో పది మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపవుతుంది. మొదటి రెండు మూడు మీటర్లలోనే చెవులు నొక్కుకుపోతాయి, ముక్కు మూసుకుని మెల్లగా ఊది సర్దుకోవాలి. జలుబుతో ఉన్నవాళ్లకు అది కుదరదు, బలవంతం చేస్తే కర్ణభేరి చిరుగుతుంది. అసలు ప్రమాదం పైకొచ్చేటప్పుడు. పది మీటర్ల లోతులో ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలు వ్యాపిస్తుంది. భయపడి ఊపిరి బిగబట్టి పైకి దూసుకొస్తే ఊపిరితిత్తి చిట్లి, గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడుకు చేరవచ్చు. ఇందుకు పెద్ద లోతు కూడా అక్కర్లేదు, నిలువెత్తు నీళ్లు చాలు. ఆస్తమా ఉన్నవాళ్లలో ఇరుకైన శ్వాసనాళాల వెనక గాలి చిక్కుకుంటుంది కాబట్టే ఆ ప్రశ్న కాగితంలో ఉంది. గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, గర్భం, నలభై అయిదు దాటాక సిగరెట్ అలవాటు, ఇలా ప్రతి ప్రశ్న వెనకా ఒక కారణం ఉంది. కొన్నిటికి 'అవును' అని జవాబొస్తే డాక్టరు సంతకం లేకుండా దింపకూడదు. పడవ కదిలాక డాక్టరు ఎక్కడ దొరుకుతాడు?

శిక్షణ మాటకొస్తాను. బీచ్‌లో అమ్మే వాటిలో రెండు వేర్వేరు సరుకులున్నాయి. ఒకటి సరదాకి ఒక్కసారి దిగడం. పాడి (PADI) అనే డైవింగ్ శిక్షణ సంస్థ నిబంధనల ప్రకారం ఇందులో 12 మీటర్లు దాటకూడదు, సముద్రంలో ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ వెంట నలుగురికి మించి ఉండకూడదు. రెండోది ఓపెన్ వాటర్ కోర్సు. దీనికి పాఠాలుంటాయి, ఈతకొలనులోనో నిలకడ నీళ్లలోనో సాధన ఉంటుంది, సముద్రంలో నాలుగు డైవ్‌లుంటాయి. 200 మీటర్లు ఈది చూపించాలి, పది నిమిషాలు నీళ్ల మీద తేలాలి. అప్పుడే 18 మీటర్ల దాకా, తోడొక డైవర్‌తో దిగే అర్హత. ఒక్క రోజులో మూడుకు మించి శిక్షణ డైవ్‌లు చేయించకూడదు కాబట్టి ఈ కోర్సు ఒక రోజులో ముగిసే ప్రశ్నే లేదు. అయినా "ఒక రోజు ట్రైనింగ్, సర్టిఫికెట్‌తో సహా" అన్న ప్రకటనలు మావాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. సరదా డైవ్ చేయించి రంగుల కాగితం చేతిలో పెడితే, పిల్లాడు డైవింగ్ వచ్చేసిందనుకుంటాడు. మరుసటి ఏడాది ఇంకోచోట ఆ కాగితం చూపించి లోతుకు దిగుతానంటాడు. నాకు దీని గురించే ఎక్కువ భయం.

మా రింగ్ రోడ్డులో గుడ్డ కొనేవాడు వేళ్ల మధ్య నలిపి చూస్తాడు, వెలుగుకు పట్టి చూస్తాడు. సిలిండర్‌లో గాలిని అలా పట్టి చూడలేం. అందులో ఉండేది మామూలు గాలే, దాదాపు 200 బార్ల ఒత్తిడికి కుదించి నింపుతారు. కంప్రెసర్ గాలి పీల్చే గొట్టం దాని ఇంజిన్ పొగ దగ్గరుంటే కార్బన్ మోనాక్సైడ్ కూడా లోపలికి పోతుంది. దానికి వాసన ఉండదు. ఒడ్డున ఏమీ చేయని మోతాదు లోతులో మత్తెక్కిస్తుంది. పడవలో ప్రాణవాయువు కిట్ ఉందో లేదో, దాన్ని వాడటం వచ్చినవాడు ఉన్నాడో లేదో, ఇన్‌స్ట్రక్టర్ అని చెప్పుకునేవాడు నిజంగా ఇన్‌స్ట్రక్టరో, అంతకంటే తక్కువ అర్హత ఉన్న డైవ్‌మాస్టరో, ఇవేవీ కొనేవాడి కంటికి కనపడవు. కనపడని వాటిని చూపించాల్సింది ఆ తీరానికి రమ్మని పిలిచిన మీరే.

ఈ రాష్ట్రానికి నేను కొత్తగా చెప్పాల్సింది లేదు. 2019 మే 24న మా సూరత్‌లోనే తక్షశిల ఆర్కేడ్ కోచింగ్ క్లాసు మంటల్లో 22 మంది విద్యార్థులు పోయారు. 2024 జనవరి 18న వడోదర హర్ణి చెరువులో పడవ తిరగబడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. పడవ మోయగలిగిన దానికంటే ఎక్కువ మందిని ఎక్కించారు, చాలామంది ఒంటి మీద లైఫ్ జాకెట్ లేదు. పొరుగు రాష్ట్రంలోని తార్కర్లిలో 2022 మేలో స్కూబా చేసి తిరిగొస్తున్నవాళ్ల పడవే బోల్తా పడి ఇద్దరు చనిపోయారు. తక్షశిల తర్వాత ఊళ్లో కోచింగ్ క్లాసులను తనిఖీ చేశారు. ఆ తనిఖీ ముందే జరిగి ఉంటే ఎలా ఉండేదో ఆ తల్లిదండ్రులు ఇప్పటికీ అనుకుంటూనే ఉంటారు.

కేంద్ర పర్యాటక శాఖ, సాహస పర్యటనల నిర్వాహకుల సంఘం కలిసి 2018లో తెచ్చిన మార్గదర్శకాల్లో స్కూబా కూడా ఉంది. డైవింగ్ సేవలు అందించేవారికి ఐఎస్ఓ 24803 ప్రమాణమూ ఉంది. కాబట్టి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. శివరాజ్‌పూర్‌లో, ద్వారక దగ్గరి బేట్ ద్వారక దీవిలో నడిచే ప్రతి సంస్థ పేరు, ఇన్‌స్ట్రక్టర్ల పేర్లు, వాళ్ల సభ్యత్వ నంబర్లు, చివరిసారి గాలి పరీక్ష చేయించిన తేదీ, డైవింగ్ ప్రమాదాలకు చికిత్స చేసే రీకంప్రెషన్ ఛాంబర్ దగ్గరలో ఎక్కడుందో, ఇవన్నీ మీ వెబ్‌సైట్‌లోనూ ఒడ్డున బోర్డు మీదా ఉంచండి. అన్నిటికంటే ముందు ఒక్క నిబంధన పెట్టండి: ఆరోగ్య ప్రశ్నలు డబ్బు కట్టక ముందే అడగాలి, ఆరోగ్యం కుదరక ఆగిపోయినవాళ్లకు పూర్తి సొమ్ము వాపసివ్వాలి. దీనికి ఖర్చేమీ ఉండదు. ఆ తల్లి నోరు విప్పడానికి ఇది చాలు.

ఇలా చేస్తే తీరంలోని చిన్నవాళ్ల పొట్ట కొట్టినట్టవుతుందని మీకు కొందరు చెప్పవచ్చు. నేనలా అనుకోను. చేపల వేట నుంచి డైవింగ్‌కు మళ్లిన కుర్రాళ్లలో నీటిని చదవగలిగినవాళ్లు, పని నిజాయితీగా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ వెంట ఇద్దరినే పంపేవాడు, ఎనిమిది మందిని ఒకేసారి దింపేవాడి రేటుతో పోటీపడలేక నష్టపోతున్నాడు. మీ జాబితా అతనికే మేలు చేస్తుంది.

ఒక మాట మావాళ్లకూ చెప్పాలి. అండమాన్‌లో ఆఖరి రోజు పొద్దున డైవ్ పెట్టుకుని సాయంత్రం విమానం ఎక్కకండి. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగాలి. ఇది తెలిసి కూడా డైవ్ అమ్ముకోవడం కోసం చెప్పని సంస్థ దగ్గరకు పోకండి.

అయ్యా, ఆ ఆరోగ్య ప్రశ్నల కాగితం గుజరాతీ, హిందీలతో పాటు తెలుగు, ఒడియా, మరాఠీల్లో కూడా ఉండాలి. మా నగరపాలక సంస్థ ఈ భాషలన్నిటిలో బడులు నడుపుతోంది కాబట్టి ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. తెలుగు అనువాదం మా బడి టీచర్లు, ఇక్కడి తెలుగు డాక్టర్లు కలిసి ఉచితంగా చేసిపెడతారు. మీరు ఇంగ్లిషు ప్రతి పంపితే పదిహేను రోజుల్లో తిరిగి పంపుతాం. దీపావళి టికెట్లు బుక్ చేసుకోవడం మొదలయ్యేలోగా మీ జవాబు కోసం చూస్తుంటాం.

ఇట్లు,
లింబాయత్ తెలుగు నివాసి ఒకరు,
సూరత్.